అరాద్ ఇంటి బాదం చెట్టు

మొన్న పొద్దున పాల ప్యాకెట్టు కోసం వెళ్ళి, మా వీధి చివర ఊడ్చి పోసిన ఎర్రటి బాదం ఆకుల కుప్ప దగ్గర అలాగే నిలబడిపోయాను. ఇల్లూ పిల్లలనూ వదిలి గల్ఫు ఇళ్ళల్లో వంటలు చేసిన నా ఈడు ఆడవాళ్ళకు ఎందుకో విడమరిచి చెప్పనక్కరలేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను బహ్రెయిన్‌లోని అరాద్‌లో ఒక పాత ఇంట్లో పనికి కుదిరాను. తెల్లటి గోడలూ ఇసుకా తప్ప ఏమీ కనిపించని ఆ చోట, పెరట్లో అంతస్తులు అంతస్తులుగా కొమ్మలు చాచి మేడను మించి పెరిగిన బాదం చెట్టును చూడగానే, మా కోనసీమ మనిషే ఎదురొచ్చినట్టు ప్రాణం లేచొచ్చింది. ఇంటి పెద్దావిడను అందరూ యుమ్మా అనేవారు, అంటే వాళ్ళ భాషలో అమ్మ. ఆవిడ మామగారు బొంబాయి నుంచి పడవలో తెచ్చిన కాయట అది. బెండులాంటి తొక్క ఉండబట్టి సముద్రంలో పడినా తేలుతూ పోయి ఏదో ఒక తీరాన మొలుస్తుందనీ, ఉప్పుగాలికి వెరవదనీ, నాలాగే అదీ హింద్ పిల్లేననీ వచ్చీరాని హిందీలో చెప్పి నవ్వేది. వేసవిలో పండిన ఆ కాయలను వాళ్ళు లోజ్ అంటారు, ఇరుగుపొరుగుకు పళ్ళేలలో పంచుతారు. మా వైపు ఆకులతో విస్తళ్ళు కుడతామని నేను ఒకటి కుట్టి చూపిస్తే, అటూ ఇటూ తిప్పి చూసి, ఆ మధ్యాహ్నం అందులోనే అన్నం పెట్టించుకుంది.

మా అమ్మ పోయిన కబురు ఆ ఇంటి డ్రైవరు సెల్లుకు వచ్చింది. అతనిది కరీంనగర్, అన్నా అని పిలిచేదాన్ని.

"నువ్వు పోయేటాల్లకు అంత అయిపోతది చెల్లె. ఈడనే ఏడువు, ఎవ్వరేమనరు" అన్నాడు తల వంచుకుని.

పదోరోజున బాదం ఆకులో అన్నం ముద్ద పెట్టి చెట్టు కింద ఉంచి, పరాయివాళ్ళ ఇల్లు, ఏమంటారోనని బెదురుతూ నిలుచున్నాను. అన్న చెప్పాడేమో, యుమ్మా కర్ర పట్టుకుని వచ్చి, పిల్లులు రాకుండా పక్కనే కుర్చీ వేయించుకుని కూర్చుంది. మీ అమ్మకేం ఇష్టమని అడిగింది. చేప అన్నాను. వెంటనే అన్నను బజారుకు పంపింది. నేను చేపల పులుసు వండి తెచ్చి పెట్టాక, కాకి వాలేదాకా ఆవిడ అక్కడినుంచి కదలలేదు.

కొన్నేళ్ళకు, కార్లకు చోటు చాలడంలేదు, చెట్టు కొట్టించేద్దామన్నాడు కొడుకు. నేనుండగా వీల్లేదంది యుమ్మా. ఊపిరందక ఆవిడ ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో ఆ పని కానిచ్చేశారు. వంటింటి కిటికీ మూసుకున్నా రంపం చప్పుడు వినపడుతూనే ఉంది. ఆవిడ తిరిగొచ్చిన రోజున చెప్పే ధైర్యం లేక ఇంటిల్లిపాదీ తలో గదిలోకి తప్పుకుంటే, నేనే చెయ్యి పట్టుకుని పెరట్లోకి నడిపించాను. కొత్తగా సిమెంటు చేసిన నేలను చాలాసేపు చూసి, "ఖలాస్" అంది, అంతే. ఆ తరవాత కూడా సాయంత్రాలు అక్కడే కుర్చీ వేయమనేది. ఎండ మొహాన పడుతుంటే నేను కొంగు అడ్డం పెట్టేదాన్ని. వద్దని నెట్టేసేది.

వీసా ముగిసి నేను వచ్చేశాను. తరవాత ఫోను చేస్తే ఆ ఇంటి నంబరు పనిచేయలేదు. ఇప్పుడు ఏ దేశంలో ఉన్నవాళ్ళయినా సెల్లులో ముఖాలు చూసుకుంటూ భోంచేస్తున్నారు, రాలేనివాళ్ళకు కడసారి చూపు కూడా అందులోనే దక్కుతోంది. మా రోజుల్లో ఆ ఇల్లు దాటితే ఆ మనుషులు లేనట్టే. యుమ్మా పోయే ఉంటుంది లెండి, అంత వయసు. మా ఇంట్లో ఈ మాట ఎత్తితే, ఎవరో అరబ్బు ముసలమ్మ కదా అంటారు. మా అమ్మ పోయిన రోజు నాకు తెలుసు. ఈ అమ్మ పోయిన రోజు తెలియదు.