నాయకుడు మా మగ్గమెక్కిన రోజు

నాకు తొమ్మిదేళ్లప్పుడు, ఒక మంగళవారం ఉదయం పదిన్నరకు, ఓట్లడగడానికి వచ్చిన నాయకుడు కొత్తవాడలో మా ఇంటి ముందు ఆగాడు. మొన్న పేపర్లో మరో నాయకుడు హోటల్లో దోసె వేస్తున్న ఫొటో చూసి అదంతా గుర్తొచ్చింది.

ఆ సాయంత్రం ఆరింటికల్లా, మాతో నేయించుకునే సేటుకు పెళ్లి జంపఖానా ఇవ్వాలి. ఆలస్యమైతే ఇక పని ఇవ్వనన్నాడు. ఇంకా మూరెడు నేత మిగిలింది. నాయన తలెత్తకుండా నేస్తున్నాడు.

“నేను మీ ఇంటోన్నే. ఏం పని జెయ్యాల్నో చెప్పున్రి,” అన్నాడు నాయకుడు.

నేను నమ్మాను. “జర మా నాయనకు నేసియ్యి సారూ, పొద్దుగూకేవరకు ఇయ్యాలె,” అన్నాను.

జనం చప్పట్లు కొట్టారు. ఆయన మగ్గం ముందు కూర్చుని, కెమెరా వైపు నవ్వుతూ, దువ్వెనలాంటి ఇనుప పంజాతో నేతను బలంగా కొట్టాడు. పడుగు దారాలు పుటుక్కుమన్నాయి.

“ఇంకొక్కసారి సారూ,” అన్నాడు ఫొటోగ్రాఫర్. మళ్లీ కొట్టాడు.

“మంచిగ నేసిన్రు సారూ,” అంటూ నాయన చేతులు జోడించాడు. అది సంతోషమనుకున్నాను.

నాయకుడి జీపు వెళ్లాక నాయన తెగిన దారాలు ముడివేస్తుంటే అర్థమై ఏడ్చాను.

“నువ్వేం జేస్తవు బిడ్డా? మీ ఇంటోన్నంటే పెద్దోళ్లమే నమ్ముతానం,” అన్నాడు.

ముడులు పడి ఆలస్యమైన జంపఖానాను సేటు తీసుకోలేదు. ఆ ఫొటోతో ఆయన గెలిచాడు, తర్వాత మరో రెండుసార్లు కూడా. మాకు పోయినవి ఇరవై మూడు పడుగు దారాలు, ఒక జంపఖానా, సేటు ఇచ్చే పని.