కాగితం మీది కొలత

తమిళనాడు కోవిల్పట్టిలో మా నాయనకు చిన్న పట్టరై ఉంది, లేత్ పని మా చిన్నాయనది. వర్క్‌షాపును మా ఇంట్లో పట్టరై అనే అంటాం. అందులో కొలతల పుస్తకం ఒకటి, నూనె మరకలతో అట్ట నల్లబడిపోయిన లాంగు నోట్‌బుక్కు. నాయన చేసే ప్రతి మిషను సామానుకీ అందులో ఒక పటం, పక్కన తమిళంలో కొలతలు. కోయంబత్తూరులో ఆరేళ్ళు కంప్యూటర్ మీద డిజైన్లు గీసి తిరిగొచ్చిన నాకు ఆ పుస్తకాన్ని చూస్తే జాలేసింది. ఈ రోజుల్లో మిషన్లు చేసేవాళ్ళు ముందుగా కంపెనీ వెబ్‌సైటులోంచి సామాను క్యాడ్ మోడల్, అంటే కంప్యూటర్లో గీసిన నమూనా, దించుకుంటారు. దాన్ని తమ డిజైన్లో కూర్చోబెట్టి చూసుకున్నాకే ఆర్డరిస్తారు. మోడల్ లేనివాడి సామాను వాళ్ళ కంటికి ఆనదు.

మన మోడళ్ళు కూడా పెడదామన్నాను. నాయన గొడవపెట్టుకుంటాడనుకున్నాను. ఆయన పుస్తకంలో ఉన్నది ఉన్నట్టే గీస్తావా అని అడిగాడు. ఒక్క మిల్లీమీటరు కూడా మార్చనన్నాను. అయితే పెట్టుకోమని నవ్వాడు. నా చదువు మీద ఇన్నాళ్ళకు నమ్మకం కుదిరిందని మురిసిపోయాను. ఆ రోజు నా అంత తెలివైనది కోవిల్పట్టిలో లేదు.

రెండు నెలలు కూర్చుని గీశాను. పేరూ నంబరూ అడక్కుండా ఎవరైనా దించుకునేలా పెట్టాను. పెద్ద కంపెనీల సైట్లు నా చేత ఫారాలు నింపించి విసిగించాయి, మనం అలా చేయకూడదని నా పట్టుదల. పూర్తయిన సామాన్లు అల్మారాలో చేతికందే దూరంలోనే ఉన్నాయి. ఒక్కదాన్నీ వెర్నియర్ పెట్టి కొలవలేదు. నాయన రాసిన కొలతను అనుమానించడమేమిటి?

విరుదునగర్‌లో పప్పుమిల్లు మిషన్లు చేసే ఒకాయన మోడల్ చూసి బేరింగ్ బ్లాకులకు ఆర్డరిచ్చాడు. తిరిగే ఇరుసును పట్టి ఉంచే ఇనుప దిమ్మ అది. అడుగున రెండు బోల్టు రంధ్రాలుంటాయి. సామాను చేరిన మర్నాడే ఫోనొచ్చింది, బోల్టులు దిగడం లేదని. నాయనా నేనూ బస్సెక్కాం.

అక్కడ నలభై మిషన్ల చట్రాలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. మోడల్లో రంధ్రాల మధ్య దూరం నూట ముప్పై ఏడు మిల్లీమీటర్లు. చట్రాలకు ఆ ప్రకారమే రంధ్రాలు వేశారు. మా దిమ్మకున్నది నూట నలభై. పుస్తకం తీసి చూశాను, నూట ముప్పై ఏడనే ఉంది. నాయన పుస్తకం వంక చూడనైనా లేదు. నన్ను బయటికి పిలిచి చెప్పాడు.

"కాగితంలో మనం ఎప్పుడు పాపా నిజం రాసినాము? రాస్తే పొద్దుగూకేలోపల ఎదురు పట్టరైలో అదే సామాను తయారు. ఒక్కో పటంలో ఒక్కో కొలత మార్చి పెట్టినాను. నిజమైంది మీ చిన్నాయనకు నోటితో చెప్పేది, అంతే."

నోటితో అంటే తెలుగులో. పనివాళ్ళందరిదీ తమిళం. కాగితం మీద తమిళంలో అబద్ధం, లేత్ దగ్గర చిన్నాయన చెవిలో ఇంటి భాషలో నిజం. కొనేవాళ్ళు అదివరకు సామాను ఎదురుగా పెట్టుకుని చట్రానికి రంధ్రాలు వేసుకునేవారు గనక ఆ అబద్ధం ముప్పయ్యేళ్ళు ఎవరికీ తగల్లేదు. ఆ భాషలోనే పెరిగిన నాకు మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆడపిల్లకు పట్టరై సంగతులెందుకు అనుకున్నారో, ఇంటి మనిషికి తెలియకుండా ఉంటుందా అనుకున్నారో. నాకు ఒళ్ళు మండింది. ఆ రోజు ఆయన నవ్వింది నన్ను చూసి కాదు, దొంగలకు దొంగ కొలత దొరుకుతుందని. కొనేవాడు కూడా అదే దించుకుంటాడని ఆయనకు తట్టలేదు. కొలిచి చూడాలని నాకు తట్టలేదు. ఎవరిని తిట్టను?

ఆ సాయంత్రమే మోడళ్ళన్నీ తీసేశాను, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. ఎన్నిసార్లు దించుకున్నారో సైటు చెబుతుంది, ఎవరన్నది చెప్పదు. పేరు అడగొద్దన్నది నేనే. వాళ్ళందరికీ ఫోన్ చేసి చెప్పమని నాయన రోజూ అంటాడు. చేయడానికి నంబర్లు లేవని రోజూ చెబుతాను. ఎక్కడెక్కడ ఎవరు చట్రాలకు రంధ్రాలు వేస్తున్నారోనని అన్నం ముందు కూర్చున్నా అదే దిగులు.

విరుదునగర్ ఆయన చట్రాలు మార్చనన్నాడు. మోడల్ ఎలా ఉందో దిమ్మలు అలాగే చేసిమ్మన్నాడు. అది న్యాయమే. కానీ మా దిమ్మ కాళ్ళ దగ్గర చిన్న ఒంపుంటుంది. రంధ్రం లోపలికి జరిగితే ఆ ఒంపు మీదికెక్కుతుంది, బోల్టు తల సమంగా కూర్చోదు, ఎప్పుడో ఒకనాడు అక్కడే పగులుతుంది. నాయన అదే చెప్పాడు. విరుదునగర్ ఆయన తన కంప్యూటర్ తిప్పి మోడల్ చూపించాడు. అందులో ఒంపు లేదు. పుస్తకంలో లేదని నేను గీయలేదు. ఒంపు లేకుండా కొత్త అచ్చుతో పోత పోయించే వ్యవధి ఆయన ఇవ్వలేదు. పగిలితే పోయేది నాయన పేరని ముగ్గురికీ తెలుసు.

రెండు రోజుల తర్వాత పాత అచ్చులోనే పోసిన కొత్త దిమ్మలు డ్రిల్లు మిషను దగ్గరికొచ్చాయి. చిన్నాయన మొదటిదాన్ని బిగించి, అలవాటుగా నాయన నోటి వంక చూశాడు. నాయన ఈసారి నోటితో కొలత చెప్పకుండా నా చేతిలోని ప్రింటు తీసుకున్నాడు. పని దగ్గర ఆయన కాగితం పట్టుకోవడం నేనదే మొదటిసారి చూడడం. కళ్ళద్దాలు సవరించుకుని చాలాసేపు చూశాడు.

"ఇందులో ఉండేది నిజమేనా పాపా?" అని అడిగాడు.

ఇకమీద అదే నిజం నాయనా అన్నాను. చిన్నాయన మిషను వేశాడు.