వాన డబ్బా, మూడు షిఫ్టులు

నాన్న పోయిన రెండో నెలలో, దుర్గ్ దగ్గరి రిసాలిలో, ఉక్కు ప్లాంటు క్వార్టర్లో కూర్చుని, ఆయన కొలిచిన వానను నా పరిశోధనలోంచి తీసేయడానికి సిద్ధమయ్యాను. బాధ కలగలేదు. అప్పటికి నాకేదీ కలగడం లేదు.

నా పని వాతావరణ అంచనా. కంప్యూటర్ వేసిన అంచనాను నేల మీద కొలిచిన అంకెలతో సరిదిద్ది, అక్కణ్ణించి మర్నాటి అంచనా మొదలుపెట్టాలి. అలా సరిదిద్దే పద్ధతులు రెండింటిని దుర్గ్ చుట్టుపక్కల వానల మీద పోలుస్తున్నాను. ఒకటి కంప్యూటర్ మాటకు ఏడాది పొడవునా ఒకే విలువిస్తుంది. రెండోది ఒకేసారి చాలా అంచనాలు వేయించి, వాటికి ఒకదానితో ఒకటి ఎంత పడటం లేదో చూసి, ఏ రోజు విలువ ఆ రోజు కడుతుంది.

నాన్న అంకెలు కలిపితే రెండూ చెడిపోతున్నాయి. మొదట పద్ధతులనే తిట్టుకున్నాను, ఆడలేక మద్దెల ఓడన్నట్టు. చివరికి మా గైడు ఫోన్‌లో, ఆ ఒక్క వాన డబ్బా అంకెలు తీసెయ్యమన్నారు. వాన కొలిచే ఆ డబ్బా నేను తెచ్చిచ్చిందే. ప్లాంటులో పనిచేసే నాన్న దాన్ని మేడ మీద పెట్టి, రోజూ నోటుబుక్కులో తేదీ, వాన రాసేవారు. పొద్దున్న ఎనిమిదిన్నరకే చూడాలని చెప్పాను. సరేనన్నారు.

ఎనిమిదిన్నరకే చూసేవారని నేను గైడుతో అనడం విన్న అమ్మ, ఫోన్ పెట్టేశాక పప్పు వడ్డిస్తూ అంది.

"ఏటే, ఎనిమిదిన్నరకి ఆయన ఎక్కడ కాళీ? పొద్దుటి ఏ షిఫ్టయితే తెల్లారకముందే సూసీసి ఎల్లిపోయీవోరు. బీ షిఫ్టయితే లేచీసరికే పది. నైట్ సీ షిఫ్టయితే వచ్చి, చాయ్ తాగేక."

ప్లాంటు ఇంట్లో పుట్టి షిఫ్టులు మరిచిపోయాను. గోడ క్యాలెండర్లో అమ్మ పెన్సిల్‌తో వేసుకున్న ఏ, బీ, సీలు చూసి, వాన కొలిచిన గంటలు దిద్దాను. రెండు పద్ధతులూ కుదుటపడ్డాయి. రెండోది కాస్త ముందుంది. చివరి తొమ్మిది రోజులు మాత్రం ఏ షిఫ్టుకీ కుదరలేదు. క్యాలెండర్లో ఆ గళ్లు ఖాళీ.

"అప్పుడు నాన్న ఏ షిఫ్టమ్మా?"

అమ్మ నా ముఖంకేసి చూసింది.

"ఆస్పత్రిలో ఉన్నారు కదే. నువ్వే పక్కన కూకున్నావు. అవి నాను రాసినవి. కాళీగా వొగ్గేస్తే, ఇంటికొచ్చేక కసురుతారని."

ఆ తేదీలు నాకు తట్టనేలేదు. చేతిరాత మారిందని కూడా చూడలేదు. ఏ వేళకి చూసేదానివని అడిగాను.

"నల్ వచ్చినప్పుడు. బిందెలు పట్టీసి, మేడెక్కీదాన్ని."

కుళాయి వచ్చే వేళ వేసి మళ్లీ నడిపాను. కుదిరాయి. కొలిచినవారి గడిలో, ఆ తొమ్మిది వరసల్లో నాన్న పేరు చెరిపి అమ్మ పేరు రాశాను. నాన్న పోయారని నాకు అప్పుడు తెలిసింది.