ఎడమ అంచున పెన్సిలు అంకెలు

బైండింగ్ కొట్టాయన కూతుర్ని వీధిలో అందరూ అలారం అంటారు. తొమ్మిదో తరగతి పిల్ల. ఎంట్రన్సుకి ఇంకా మూడేళ్ల పైమాటే. అయినా ఐదింటికల్లా లేచి, తండ్రి కొట్టులో కాగితాల కోత మిషను పక్కన స్టూలు వేసుకుని లెక్కలకి కూర్చుంటుంది.

"ఆలూ లేదు చూలూ లేదు, అప్పుడే ఎంట్రన్సా?" అని ఏడిపిస్తాడు ఎదురు కొట్టు వాచీల రిపేరాయన.

"మీ వాచీల్లా వెనకబడమంటారా బాబాయ్?" అంటుంది.

ఆ లెక్కల పుస్తకం ఆమెది కాదు. రెండేళ్ల కిందట ఎవరో ఒకావిడ వెన్ను విరిగిన లావుపాటి ఎంట్రన్సు పుస్తకం ఇచ్చి, నాలుగు రోజుల్లో వస్తానని వెళ్లింది. రాలేదు. తండ్రికో పద్ధతుంది. ఎవరూ రాని పుస్తకాన్ని కొత్త అట్ట వేసి పై అరలో పెడతాడు. ఏడాది దాటితే దానికి తనే దిక్కు. అలా అది కూతురి చేతికొచ్చింది.

మొదటి పేజీలో పెన్సిలుతో 'ఏడో తరగతి' అని ఉంది. ప్రతి లెక్కకీ ఎడమ అంచున, ఎన్ని నిమిషాలు పట్టిందో చిన్న అంకె. పదకొండు. ఎనిమిది. పద్నాలుగు. అలారం కుడి అంచున తన టైం నీలం పెన్నుతో రాయడం మొదలుపెట్టింది.

మొదట్లో అన్నీ ఓటములే. ఆమె పెన్ను ఆగినప్పుడల్లా బల్లకి అవతల పెన్సిలు గీసుకుంటున్న చప్పుడు వినిపించేది. తనకంటే ముందే ముగించి, కాళ్లూపుకుంటూ ఎవరో కాచుకుని ఉన్నట్టుండేది. భయమని ఒప్పుకోలేదు గానీ, పై అరకి వీపు పెట్టి కూర్చోవడం మానేసింది.

తర్వాత గెలవడం మొదలైంది. గెలుపుతో పాటు నోరూ లేచింది. 'ఓడావు' అని రాసింది. ఇంకోచోట 'నత్తా!' అని.

రెండు వందల పన్నెండో పేజీ, మూడో లెక్క. ఎడమ అంచు ఖాళీ. పేజీలు తిప్పింది. చివరిదాకా ఒక్క గీత లేదు. ఆ లెక్క ఆమెకి తొమ్మిది నిమిషాల్లో వచ్చింది. పోటీ లేనిచోట టైం ఎందుకని అది రాయలేదు. దాని కిందే పెద్దక్షరాలతో, 'ఏం బాబూ, నిద్రపోయావా?' అని రాసింది.

మర్నాటి నుంచి బల్ల అవతల చప్పుడు లేదు. ఆమె కూడా ఆ పేజీ దాటలేకపోయింది.

ఆ ఆదివారమే పుస్తకం ఇచ్చినావిడ వచ్చింది.

"ఇన్నాళ్లకా తల్లీ?" అన్నాడు తండ్రి, సూదిలో దారం అలాగే పట్టుకుని.

"మావాడు అడిగాడండీ. రెండేళ్లలో వాడు నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే."

"ఏమైందండీ అతనికి?" అంది అలారం.

"ఏమీ కాలేదమ్మా. జ్వరమా, దెబ్బా? ఒకరోజు పెన్సిలు కింద పెట్టి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. చిరిగిన పుస్తకంతో విసుగొచ్చిందేమోనని బైండింగుకి తెచ్చాను. నాలుగు రోజుల్లో లేస్తాడనుకున్నా." సంచి తెరుస్తూ, "ఏడో తరగతిలోనే మొదలుపెట్టించాను. ముందు లేస్తే ముందుంటాడని," అంది.

"ఆంటీ, అందులో నేను కొంచెం రాశాను..."

"రాస్తే ఏముందిలే, చదువుకునే పుస్తకమేగా," అంటూ ఆవిడ సంచిలో పెట్టేసుకుంది.

పెన్సిలు రాతైతే చెరిపేది. పెన్ను రాత. క్లాసులో, కుళాయి దగ్గర, బస్సులో ఆ మాటే వెంటపడింది. గోడవైపు తిరిగిన ఒక వీపు, దాని ముందు తెరిచి ఉన్న తన ప్రశ్న. నిద్రపోయావా? ఎనిమిది రోజులు ఐదింటికే మెలకువ వచ్చింది. ఒక్క లెక్కా చెయ్యలేదు.

తొమ్మిదో రోజు ఆవిడ మళ్లీ వచ్చి ఆ పేజీయే తెరిచింది. ఆమె రాసిన ప్రశ్నకి జవాబు లేదు. మూడో లెక్కకి ఎడమ పక్కన మాత్రం వణికిన పెన్సిలు అంకె: నలభై ఒకటి.

"లేచి కూర్చున్నాడమ్మా. పక్కన నీ టైం ఖాళీగా ఉందట. రాసివ్వమన్నాడు."

తొమ్మిది అని రాస్తే ఆ మనిషి మళ్లీ గోడవైపు తిరుగుతాడు. అబద్ధం రాస్తే, ఇన్ని వందల లెక్కలు ఎదురుగా కూర్చుని చేసినవాడు పట్టెయ్యడూ?

"కూర్చోండి ఆంటీ, మళ్లీ చేస్తాను," అంది. తండ్రి దగ్గర పెన్సిలు అడిగి తీసుకుని, గోడ గడియారం చూసింది.

దారి తెలుసు. అయినా లెక్కలో రెండో మెట్టు దగ్గర చెయ్యి ఆగింది. బల్ల అవతల చప్పుడు మళ్లీ మొదలైంది. ఈసారి చాలా నెమ్మదిగా. ఒక గీత, చాలాసేపటికి ఇంకో గీత. ఎంత ప్రయత్నించినా దాన్ని దాటి ముందుకు పోలేకపోయింది. తండ్రి కుట్టడం ఆపేశాడు.

చివరికి కుడి అంచున పెన్సిలుతో రాసింది: నలభై ఆరు.

ఆవిడ పుస్తకం గుండెకి హత్తుకుని వెళ్లిపోయింది.

"నీకొచ్చిన లెక్కేగా అమ్మలూ?" అన్నాడు తండ్రి.

"వచ్చిందే నాన్నా," అంది అలారం, బల్ల అవతలి ఖాళీ వైపు చూస్తూ.