చింతపండులో నానిన ఇరవై తొడుగులు

మా ఆయన గుండెపోటుతో పోయిన మూడో నెలలో ఆయన తుపాకీ ఇంట్లోంచి వెళ్లిపోయింది. కాగితాల పనంతా అయ్యాక దాన్ని అంకుల్ తీసుకున్నారు. మా ఆయన్ని షూటింగ్ క్లబ్బులో చేర్పించింది ఈ అంకులే. ఫిజీ నుంచి వచ్చిన తెలుగాయన, బస్సు నడిపి రిటైరయ్యారు. మేముండే హారిసన్‌లో, మా ఇంటి గరాజ్‌లో ఇక మిగిలినవి రెండే. ఒక గుండ్రటి చిన్న యంత్రం, బిస్కెట్ల డబ్బాలో ఇరవై ఖాళీ తూటా తొడుగులు. మా ఆయన చివరిసారి కాల్చి, వంగి ఏరుకొచ్చినవి.

తూటా పేలాక ఇత్తడి తొడుగు ఊడి పడుతుంది. దాన్ని పారేయరు. మసి వదిలించి, కొత్త మందు నింపి, కొత్త గుండు బిగించి మళ్లీ కాలుస్తారు. మా ఆయన కాగితం మీది నల్ల చుక్కను తప్ప ప్రాణమున్న దేన్నీ కొట్టలేదు. అయినా నేను ఒక్కసారీ ఆ క్లబ్బు గడప తొక్కలేదు. "కాగితాన్ని కొట్టినా పాపమేనా?" అని వేళాకోళం చేసేవారు.

అంకుల్ ఫోన్ చేశారు. "అమ్మాయ్, ఈ ఆదివారం నీ మగడి పేరు తలచుకుని ఇరవై రౌండ్లు కొడతాను. ఆడి తుపాకీ, ఆడి బ్రాస్, ఆ ఇత్తడి తొడుగులే. శుక్రవారం వచ్చి డబ్బా అట్టుకెళ్తాను. ఈసారి నువ్వూ రావాల."

వస్తానన్నాను. ఆ మూడు నెలల్లో నేను కావాలని కోరుకున్నది అదొక్కటే. మిగతాదంతా మొద్దుబారిపోయింది. ఎవరు ఏది పెడితే అది తిన్నాను. పూజ మానలేదు కానీ పెదవులు చదివేవి, నేను పక్కన కూర్చుని వినేదాన్ని. ఆ ఇరవై తొడుగులూ ఇంకొక్కసారి పేలితే వినాలి, అంతే.

మా ఆయన ఆ గుండ్రటి యంత్రంలో మొక్కజొన్న కండెల పొట్టు పోసి, తొడుగులు వేసి స్విచ్ నొక్కేవారు. గంటల తరబడి గరగరమని ఊగి అది వాటిని తోమేది. ఖాళీ ఇంట్లో ఆ చప్పుడు వద్దనిపించింది. అయినా ఇత్తడి నాకు కొత్తా? నేను బడికి వెళ్లలేదు. అక్షరాలూ లెక్కలూ అమ్మే ఇంట్లో నేర్పింది, ఇత్తడి తోమడమూ నేర్పింది. చింతపండు గుజ్జుతో రుద్ది, వెంటనే కడిగి, విభూతితో తుడవాలి. గురువారం పొద్దున కుందులు అలాగే తోమి, మిగిలిన చింతపండు చిక్కగా పిసికి అందులో తొడుగులన్నీ వేశాను. మసి గట్టిగా ఉంది, కాసేపు నాననిద్దామనుకున్నాను. వచ్చి సోఫాలో కూర్చున్నాను. కూర్చున్నానంతే. మా అమ్మాయి యూనివర్సిటీ నుంచి వచ్చి లైటు వేసేదాకా సాయంత్రమైందని తెలియలేదు.

కడిగి తుడిస్తే తళతళలాడాయి. అమ్మాయి ఒకటి చేతిలోకి తీసుకుంది. "అమ్మా, వై ఆర్ దే పింక్? నాన్నవి ఎల్లోగా ఉండేవి."

"మీ నాన్నకి చింతపండు సంగతి తెలీదులే."

అది నవ్వింది. ఆ ఇంట్లో నవ్వు విని చాలా రోజులైంది.

శుక్రవారం అంకుల్ వచ్చి మూత తీశారు. "ఓలమ్మో! వీటిల్లో చూసుకుని గడ్డం గీసుకోవచ్చు." కళ్లద్దాలు పెట్టుకున్నారు. ఒకదాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి అటూ ఇటూ తిప్పారు.

"ఏటి పెట్టేవమ్మా?"

"చింతపండు."

"ఎంతసేపు?"

"పొద్దుట్నుంచి సాయంత్రం దాకా. మర్చిపోయాను."

మూత పెట్టేశారు. "బాగున్నాయి. అట్టుకెళ్తాను." అన్నారే గానీ చూపు తివాచీ మీదే ఉంది.

"వీటితోనే కొడతారా అంకుల్?"

"కొడతానమ్మా."

"దేవుడి గూడు వైపు తిరిగి చెప్పండి."

ఆయన తిరగలేదు. "కొట్టను," అన్నారు. "ఇత్తడంటే రాగీ జింకూ. పులుపు జింకుని తినేసింది. ఈ ఎర్రగా మిగిలింది రాగి. లోపలికి ఎంత తినేసిందో ఎవడికి తెలుసు? మందు అంటుకున్నప్పుడు ఇది పగిలితే నిప్పంతా కొట్టేవోడి మొహం మీదికొస్తాది. పగలకపోనూవచ్చు. అది నమ్ముకుని కొట్టలేను."

"మరి తీసుకెళ్తానన్నారే?"

"నీకు చెప్పలేక. నా బ్రాస్‌తో కొట్టేసి, ఇవే అని చెబుదామనుకున్నాను."

ఏడవాల్సింది. లేదా కోపమైనా రావాల్సింది. ఏదీ రాలేదు. "ఇప్పుడు వీటిని ఏం చేస్తారు?" అని అడిగాను.

"ఎవడూ మళ్లీ మందు నింపకుండా మూతులు నొక్కేసి పాతిత్తడిలో పడేస్తాను."

"నేను నొక్కుతాను."

గరాజ్‌లోంచి పట్టకారు తెచ్చుకున్నాను. చాలా బలం కావాలనుకున్నాను. అక్కర్లేదు, మూతి మెత్తగా మూసుకుంది. ఒక్కోటీ నొక్కి డబ్బాలో వేస్తున్నాను. సగం దాటాక అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. "గివ్ ఇట్ టు మీ, అమ్మా. యువర్ హ్యాండ్." చూస్తే అరచెయ్యి కమిలి ఎర్రగా ఉంది. నాకు తెలియనే లేదు. మిగిలినవి అదే నొక్కింది.

గుమ్మం దగ్గర అంకుల్ చెప్పులేసుకుంటూ, "ఆదివారం వస్తావా మరి?" అన్నారు.

"రాను అంకుల్."

ఆయన బలవంతపెట్టలేదు. "ఐ విల్ కమ్," అంది అమ్మాయి.

ఆదివారం వాళ్లు వెళ్లారు. నేను వంకాయ కూర చేసి, పొయ్యి తుడిచి, మళ్లీ తుడిచాను. మూడింటికి అమ్మాయి వచ్చింది. అంకుల్ తన తొడుగులతో కొట్టిన ఇరవైలో మూడు అసలు కాగితానికే తగల్లేదట. నాన్న ఉంటే ఏడాదిపాటు ఏడిపించేవాడన్నారట అంకుల్.

"ఆయన మొహానికేం కాలేదుగా?"

"నో, అమ్మా. హి ఈజ్ ఫైన్. హి ఏట్ టూ సాసేజెస్."

మా ఆయన ఇత్తడి మళ్లీ పేలలేదు, ఇక పేలదు. నేను పాడుచేసినదాన్ని కనిపెట్టే కళ్లు ఆ ముసలాయనకి ఇచ్చినందుకు దేవుడికి దణ్ణం పెట్టుకుని, అమ్మాయికి అన్నం వడ్డించాను.