బందెలదొడ్డిలో మా తమ్ముడు

మా తమ్ముణ్ని బందెలదొడ్డిలో పెట్టారు. చేలల్లో పడ్డ పశువుల్ని బంధించే ఆ దొడ్డిలో, మా గొర్రెల మధ్యనే, పొద్దంతా మనిషిని నిలబెట్టి గడియ వేశారు.

అరవైల చివరి మాట ఇది. నల్లగొండ జిల్లాలో డిండి వాగుకు ఇవతల మా ఊరు. ఆ ఏడు మేత లేక మంద బీడు దాటి, ఊరి పెత్తనం చేసే పోలీసు పటేలు జొన్నచేలో పడింది. గొర్రెల్ని బందెకు తోలడం న్యాయమే, మేమూ కాదనలేదు. వెంటపడి బతిమాలుతున్న తమ్ముణ్ని చూసి పటేలు, "నువ్వు గూడ మందల ఒకనివే గదరా, నడువు లోపలికి" అన్నాడు. "వీనికి గింత గడ్డెయ్యుండ్రి!" అంటే చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. భయానికి నవ్వారో, నిజంగానే నవ్వొచ్చిందో నాకిప్పటికీ తెలియదు. అమ్మ కర్రల సందులోంచి జొన్నగట్క ముద్ద అందించింది. "తిను కొడుకా, కడుపుకు రోషమేంది?" అంది. వాడు ముట్టలేదు.

ఆ రోజుల్లో తుపాకులు పట్టిన అడవివాళ్లు మా దిక్కు వచ్చిపోతుండేవారు. తమ్ముడు వాళ్లతో పోతానన్నాడు.

"పటేలును సంపుతవార?" అన్నాను.

"సంపుడెందుకన్నా? గా బందెలదొడ్డికాడ నలుగుర్ల నిలబడి, రుమాలు తీసి తప్పైందనమను. గంతే. ఇంట్లనే పడుంట."

మా గొల్లల పంచాయితీలో ఆచారమే అది. తప్పు చేసినవాడు తలపాగా తీసి ఒక్క మాట అంటే పగ అక్కడితో తెగిపోతుంది. మళ్లీ ఆ ఊసెత్తినవాడిదే తప్పు.

"అర్జీ పెడ్త. జవాబొచ్చేదాక ఆగు" అన్నాను. ఆగుతానని మాటిచ్చాడు.

నేను బడి మొహం చూడలేదు. షావుకారు కట్టిచ్చిన పొట్లాల కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కున్నవాణ్ని. నా చేత్తోనే రాసి తాలూకా కచేరీలో ఇచ్చాను. గుమాస్తా పకపకా నవ్వాడు. "పటేలు నీ తమ్మునికి రుమాలు తీయాల్నా? పానం మంచిగున్నదా నీకు?" చెప్పులరిగేలా తిరిగాను. కచేరీవాళ్లు చేసిన పని ఒక్కటే, అడవివాళ్ల భయంతో పటేలు ఇంటిముందు పోలీసుల్ని కాపలా పెట్టారు. అదే పటేలును ఆ నాలుగడుగులు దొడ్డిదాకా నడిపించి ఉంటే కాపలాతో పనేముంది?

తుపాకీ పట్టినవాడికి దాన్ని ఎవరిచ్చారని పెద్దపెద్దవాళ్లు ఇప్పటికీ ఆరా తీస్తుంటారు. గడియ ఎవరు వేశారని ఒక్కడూ అడగడు. తుపాకీని నేను మెచ్చను. అది మా తమ్ముణ్నీ తిన్నది, పటేలింట్లో పనిచేసే జీతగాణ్ని, ఎవరికీ చెడు తలపెట్టనివాణ్నీ తిన్నది.

ఎండలు ముదిరాక జవాబు వచ్చింది. తమ్ముడు గొంగడి పరుచుకుని ఎదురుగా కూర్చున్నాడు. నేనే చదివి వినిపించాను. విని లేచి వెళ్లినవాడు మళ్లీ గడప తొక్కలేదు. ఆ జవాబు ఇది:

"బందెలదొడ్డి నిబంధనలు పశువులకు సంబంధించినవి. మనుషుల ప్రస్తావన వాటిలో లేదు. కావున మీ అర్జీపై ఈ కార్యాలయం తీసుకోదగిన చర్య ఏమియూ లేదు."