ముప్పై తొమ్మిది అంకెల జంపఖానా

నాకు లెక్కలు నేర్పిన టీచరమ్మ పక్కనే నేనూ లెక్కల టీచర్నై ఆరేళ్లు పనిచేశాను. ఆ ఆరేళ్లలో ఆమె నన్ను మెచ్చుకున్నది ఒక్కసారే, అదీ నా టమాటా పచ్చడి గురించి. "నీకు తెలివున్నది బిడ్డా, నిమ్మలం లేదు" అనేవారు. ఆమె రిటైరవుతుంటే, పదో తరగతి లెక్కలు ఎవరికివ్వాలో చెప్పమని హెడ్మాస్టరు ఆమెకే వదిలేశారు. నాకు ఆ పదో తరగతి కావాలి. సిగ్గు లేకుండా చెబుతున్నాను, చాలా కావాలి.

అందుకే కానుకతో ఆమెను పడగొట్టాలనుకున్నాను. నూట ఇరవై ఏడు రెండ్లు వరసగా పెట్టి గుణించి, అందులో ఒకటి తీసేస్తే ముప్పై తొమ్మిది అంకెల ప్రధాన సంఖ్య వస్తుంది. ఒకటీ తనూ తప్ప ఇంకేదీ దాన్ని శేషం లేకుండా భాగించలేదు. కంప్యూటర్లు పుట్టకముందే ఈ సంగతి చేతిలెక్కతో తేల్చారు. ప్రతి జూన్‌లో టీచరమ్మ ఆ సంఖ్యను ఏమీ చూడకుండా బోర్డు మీద రాసి, "దీన్ని ఎవ్వలన్న భాగించుండ్రి, సూద్దాం" అని సవాలు విసిరేవారు.

కొత్తవాడలో నేతపని చేసే ఒకాయనకు ఆ అంకెలు కాగితం మీద రాసిచ్చి, జంపఖానాలో నేయమన్నాను.

"వరుసకు పదమూడు, మూడు వరుసలన్నా. మా టీచరమ్మకు రిటైర్మెంట్ కానుక, జర మంచిగ చెయ్యి."

"కానుకనా? ఫికర్ చెయ్యకు అక్కా, నిండుగ చేస్త."

వీడ్కోలు సభ రోజు పొద్దున చుట్టి ఇస్తే, చంకన పెట్టుకుని ఆటో ఎక్కేశాను.

వేదిక మీద దాన్ని విప్పి పట్టించి, మైకు అందుకుని, "ఎవరికీ లొంగని సంఖ్య, అచ్చం మా టీచరమ్మ లాగే" అని తెగ సాగదీశాను. టీచరమ్మ కళ్లద్దాలు సవరించుకుని, అంకె అంకెకూ వేలు పెడుతూ చివరిదాకా వెళ్లి ఆగారు.

"ఆఖరుకు ఆరున్నదేందే? ఇది సరిసంఖ్య గదా!"

చూస్తే చివర 116. కానుకంటే నూట పదహారు ఉండాలి కదా, ఆ పెద్దమనిషి తన వంతుగా కలిపేశాడు. వరుసకు పద్నాలుగు చొప్పున ఎంత ముద్దుగా కుదిరాయో! ఈలోగా ముందు వరుస పిల్లలు అంకెలన్నీ కూడేసి, "మొత్తం నూట అరవై రెండు టీచర్, తొమ్మిదితోని గూడ పోతది!" అని అరిచారు. హాలంతా ఒకటే నవ్వు.

"నేసినాయన తప్పు టీచర్," అన్నాను వెంటనే.

"ఆయన నా ముప్పై తొమ్మిదింట్ల ఒక్కటి తప్పలే. లెక్కలు రానాయన అంత నిమ్మలంగ నేసిండు. లెక్కలొచ్చినదానివి, నువ్వు ఒక్కపారి విప్పి సూసినవా?"

"లేదు టీచర్." మైకు ఇంకా నా చేతిలోనే ఉంది. ఆ మాట గేటు దాకా వినిపించింది.

పదో తరగతి నాకు రాలేదు. వారం రోజులు అందరి మీదా మండిపడ్డాను, టీచరమ్మ మీద మరీ. అయినా ఉండబట్టలేక ఒక ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. జంపఖానా ముందు గదిలో పరిచి ఉంది.

"కూసో. ఈ నలభై రెండంకెలను పద్దెనిమిదితోని భాగించు. ఫోన్ అటు పెట్టు. శేషం లేకుంట అయ్యిందంటె, మల్లచ్చే యేడు పదో తరగతి సంగతి మాట్లాడుదాం."

ఆ అంకెల మీదే కూర్చుని చేశాను. సున్నా రావాల్సిన చోట నాలుగు మిగిలింది. ఆమె లేచి వెళ్లి, ఇంకో తెల్ల కాగితం తెచ్చి నా ముందు పెట్టారు.